గుత్తి పేరు మోసిన సాలీడు

సాలెపురుగు తెలియని తెలుగువాడు ఉండడు. పండుగకు బూజు దులిపే ఇల్లాలికి అది శత్రువు. శ్రీకాళహస్తి స్థలపురాణంలో అదే శివభక్తికి నిదర్శనం. ఆ క్షేత్రం పేరులోని ‘శ్రీ’ అనే మాటకు సాలెపురుగు అనే అర్థం చెప్తారు. అయితే గూడు అల్లి, ఈగ వచ్చి తగులుకొనేవరకు కాచుకొనియుండే సాలీళ్ళు మాత్రమే ఈ లోకంలో లేవు. గాలిలో వల పన్నకుండ, నేలబొరియలోనో చెట్టుతొర్రలోనో పొంచియుండి, దగ్గరకు వచ్చిన జీవిపై దూకి పట్టి తినే పెద్ద సాలీళ్ళ కుటుంబం ఒకటి కలదు. వీటి ఒళ్ళంతా నూగు. కాళ్ళు బారచాచితే కొన్ని జాతులు అన్నం తినే పళ్ళెమంత వెడల్పు ఉంటవి. వీటిని లోకమంతటా టారంటులాలు అని పిలుస్తారు.

ఈ కుటుంబంలో నిగనిగలాడే నీలిరంగు గల జాతి ఒకటి ఉన్నది. అది అనంతపురం జిల్లాలోని గుత్తి పేరుతో దేశదేశాల ప్రసిద్ధికెక్కింది. గుత్తికోటను ఎన్నడూ చూడని విదేశీయులు కూడ ఈ సాలీడు మూలాన ఆ ఊరిపేరు ఎరుగుదురు. చిత్రమేమంటే ఆ సాలీడు నివాసం గుత్తి కాదు. అంతకంటె చిత్రం, టారంటులా అనే పేరు కూడ మొదట ఈ కుటుంబానిది కాదు. ఈ రెండు పేర్ల చరిత్ర తెలిసికొంటే, శాస్త్రజ్ఞులు జీవులను వర్గీకరించడానికి ఎందుకు ఇంత శ్రమపడతారో, ఆ శ్రమవల్ల ఒక జాతి ప్రాణానికి కలిగే ప్రయోజనమేమో తెలుస్తుంది.

పేరు ఎక్కడిది?

ఇటలీ దేశపు దక్షిణ భాగంలో టారంటో అనే రేవుపట్టణం ఉన్నది. ఆ ప్రాంతపు పొలాలలో బొరియలు చేసికొని నివసించే నూగు సాలీడు ఒకటి ఉండేది. అది కరిస్తే మనిషికి ఒక విధమైన ఉన్మాదం పుడుతుందనీ, వాద్యాల మోతకు ఒళ్ళు తెలియకుండ నాట్యమాడితేనేగాని అది దిగదనీ అక్కడి రైతులు శతాబ్దాలపాటు నమ్మారు. ఇటలీవారి టారంటెల్లా అనే నృత్యం పేరు కూడ ఆ ఊరి పేరునుండే పుట్టింది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో ఆ సాలీటికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు టారంటులా అనే మాటనే జాతినామంగా ఉంచాడు. నేడు దానిని లైకోసా టారంటులా అంటారు. అది తోడేలు సాలీళ్ళ కుటుంబానికి చెందినది. దాని కాటువల్ల మనిషికి పెద్ద ప్రమాదం లేదని తరువాత తేలింది.

ఐరోపావారు అమెరికా ఖండాలలో అడుగుపెట్టినప్పుడు ఇంకా పెద్దవైన నూగు సాలీళ్ళు కనిపించినవి. తమకు తెలిసిన పెద్ద సాలీడు టారంటులాయే గనుక వీటిని కూడ ఆ పేరుతోనే పిలిచారు. సముద్రం దాటివచ్చిన ఒక చెట్టును చూచి మనవాళ్ళు సీమచింత అనలేదా? సీమచింత చింత కానట్లే ఈ టారంటులా కూడ అసలు టారంటులా కాదు. అయినా పేరు నిలిచిపోయింది. అసలు హక్కుదారు తోడేలు సాలీడుగా మిగిలిపోయింది.

ఈ పెద్ద సాలీళ్ళను గురించి తొలుత లోకానికి చాటినవారిలో ఒక స్త్రీ ఉండడం విశేషం. జర్మనీలో పుట్టిన మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి దక్షిణ అమెరికాలోని సురినాం వెళ్ళి, అక్కడి పురుగులను పరిశీలించి, 1705లో ఒక చిత్రగ్రంథం ప్రకటించింది. అందులో జామకొమ్మపై ఒక పెద్ద సాలీడు చిన్న పిట్టను తింటున్న బొమ్మ ఉన్నది. తరువాతి కాలపు పండితులు కొందరు అది కట్టుకథ అని కొట్టివేశారు. కాని ఇంగ్లండుకు చెందిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ ప్రాంతంలో అట్టి దృశ్యాన్ని స్వయంగా చూచి, 1863లో వెలువడిన తన గ్రంథంలో వ్రాశాడు. మెరియన్ మాట నిజమయింది. అయితే పిట్టలు వీటికి నిత్యాహారం కాదు. మిడతలు, బొద్దింకలు, పేడపురుగులవంటివే వీటి ప్రధానాహారం. అప్పుడప్పుడు కప్ప, బల్లి, చిట్టెలుక కూడ వీటి వాత పడతవి.

కోరలు చెప్పే సాక్ష్యం

పేరు మోసపుచ్చవచ్చుగాని శరీర నిర్మాణం మోసపుచ్చదు. అందుచేత శాస్త్రజ్ఞులు పేరును, రంగును, పరిమాణాన్ని ప్రక్కకు పెట్టి అవయవాలను పరిశీలిస్తారు.

సాలీడు కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్ళు, తలపై స్పర్శశృంగాలు ఉంటవి. సాలీటికి ఎనిమిది కాళ్ళు. స్పర్శశృంగాలు గాని రెక్కలు గాని ఉండవు. శరీరం రెండే భాగాలు: తల, రొమ్ము కలిసిపోయిన శిరోవక్షం ఒకటి, ఉదరం రెండవది. కీళ్ళుగల కాళ్ళున్న జీవులన్నీ ఆర్థ్రోపోడా వర్గంలో చేరతవి. అందులో తేలు, సాలీడు, గోమారి మొదలైనవి అరాక్నిడా విభాగంలో ఉంటవి. ఆ విభాగంలో సాలీళ్ళది ప్రత్యేకమైన క్రమం. శాస్త్రజ్ఞులు ఇంతవరకు పేరుపెట్టిన సాలీడు జాతుల సంఖ్య 2022లో 50,000 దాటింది.

ఇన్ని జాతులను విడదీయడానికి పనికివచ్చే మొదటి గురుతు కోరల దిక్కు. ఇంటిగోడమీది సాలీడు కోరలు పట్టకారు కొనలవలె ఎదురెదురుగా కదలి ఆహారాన్ని నొక్కిపట్టుకొంటవి. టారంటులా కోరలు అట్లా కాదు. రెండు గునపాలు ప్రక్కప్రక్కన పైనుండి క్రిందికి దిగినట్లు దిగుతవి. అందువల్లనే టారంటులా కరవబోయేముందు శరీరపు ముందుభాగాన్ని పైకెత్తి నిలుస్తుంది. రెండవ గురుతు శ్వాసావయవాలు. పుస్తకంలోని పుటలవలె పలుచని పొరలు పేర్చినట్లుండే ఊపిరితిత్తులు ఉదరం క్రింది భాగంలో ఉంటవి. టారంటులాలకు ఇట్టివి రెండు జతలు ఉంటవి. వల పన్నే సాలీళ్ళలో ఎక్కువవాటికి ఒక్క జత మాత్రమే ఉండి, రెండవ జత స్థానంలో గాలిగొట్టాలు ఏర్పడినవి.

ఇట్లు క్రిందికి దిగే కోరలు, రెండు జతల ఊపిరితిత్తులు గల సాలీళ్ళన్నిటినీ మైగలోమార్ఫే అనే సమూహంలో చేరుస్తారు. బొరియకు తలుపు అమర్చుకొనే సాలీళ్ళు కూడ ఈ సమూహంలోనివే. ఇందులో, పాదాల అడుగున దట్టమైన నూగు మెత్తలు గల పెద్ద సాలీళ్ళను ఏరి, 1869లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు థోరెల్ థెరఫోసిడే అనే కుటుంబాన్ని ఏర్పరచాడు. నేడు టారంటులా అంటే ఈ కుటుంబమే. ఇందులో వెయ్యికి పైగా జాతులు ఉన్నవి. ఆ పాదపు మెత్తల సాయంతోనే అంత బరువైన సాలీడు నున్నని చెట్టుబెరడుమీద, గాజుపలకమీద కూడ జారకుండ ఎక్కిపోగలదు.

ఇక టారంటో పొలాలలోని లైకోసాను చూడండి. దాని కోరలు పట్టకారువలె ఎదురెదురుగా కదులుతవి. కనుక దానికీ ఈ కుటుంబానికీ ఉన్న చుట్టరికం చాలా దూరపుది.

శరీరం పనిచేసే తీరు

చచ్చిన సాలీడు కాళ్ళన్నీ లోపలికి ముడుచుకొని పడియుండడం విద్యార్థులందరూ చూచియుంటారు. దీనికి కారణం ఉన్నది. మన మోచేతిని వంచడానికి ఒక కండరం, చాచడానికి మరొక కండరం ఉన్నవి. సాలీటి కాళ్ళలోని ముఖ్యమైన రెండు కీళ్ళను వంచే కండరాలేగాని చాచే కండరాలు లేవు. శిరోవక్షంలోని పీడనంతో రక్తద్రవాన్ని కాళ్ళలోనికి నెట్టి అది కాళ్ళను చాస్తుంది. ప్రాణం పోగానే పీడనం పోతుంది. వంచే కండరాల పట్టే మిగులుతుంది. కాబట్టి కాళ్ళు ముడుచుకొంటవి. ఈ ఏర్పాటులో ప్రమాదం కూడ ఉన్నది. బరువైన టారంటులా కొద్దిపాటి ఎత్తునుండి క్రిందపడినా ఉదరం పగిలి రక్తద్రవం కారిపోయి చనిపోవచ్చు. చూడడానికి భయంకరమైన ఈ జీవి నిజానికి ఎంత సుకుమారమైనదో దీనినిబట్టి తెలుస్తుంది.

దీనికి ఎనిమిది కళ్ళున్నా చూపు మందం. నేలమీది అదురును, గాలి కదలికను ఒంటిమీది నూగు పసికడుతుంది. కాటులో విషం ఎక్కించి, పట్టిన జీవిమీద జీర్ణరసాలను వదలి, మెత్తబడిన మాంసాన్ని ద్రవరూపంలో పీల్చుకొంటుంది.

శరీరంపైనున్న కవచం పెరగదు గనుక పాములవలె ఇవి కూడ కుబుసం విడుస్తవి. చాలా టారంటులాలు అందుకోసం వెల్లకిలా పడుకొంటవి. గంటల తరబడి శ్రమపడి పాత కవచంనుండి కాళ్ళను ఒక్కొక్కటిగా లాగుకొంటవి. విరిగిపోయిన కాలు ఉంటే తరువాతి కుబుసాలలో మళ్ళీ మొలుస్తుంది. మగది యుక్తవయస్సు వచ్చిన తరువాత సాధారణంగా కుబుసం విడవదు. ఆడదానిని వెదకుకొంటూ తిరిగి కొంతకాలానికే చనిపోతుంది. ఆడది మాత్రం యుక్తవయస్సు వచ్చిన తరువాత కూడ కుబుసం విడుస్తూ ఏండ్లకు ఏండ్లు బ్రతుకుతుంది. కొన్ని జాతులలో ఆడవాటి ఆయుర్దాయం 20 సంవత్సరాలు దాటుతుంది. గ్రుడ్లను పట్టుసంచిలో చుట్టి, పిల్లలు బయటికి వచ్చేవరకు తల్లి కాపాడుతుంది.

ఆత్మరక్షణలో రెండు అర్ధగోళాల టారంటులాలకు తేడా ఉన్నది. అమెరికా ఖండాలలోని జాతులలో ఎక్కువవాటికి ఉదరంమీద దురదగొండి నూగువంటి ముళ్ళవెండ్రుకలు ఉంటవి. శత్రువు కనబడగానే వెనుకకాళ్ళతో ఆ నూగును రేపి విసరుతవి. అది కంటిలో, ముక్కులో పడితే తీవ్రమైన బాధ కలుగుతుంది. ఆసియా, ఆఫ్రికాలలోని టారంటులాలకు ఈ ఆయుధం లేదు. ఇవి వేగంగా పరుగెత్తి దాగుకొంటవి. దారి లేనప్పుడు కరుస్తవి.

కాటు, మిరపకాయ

టారంటులా కరిస్తే మనిషి చనిపోయినట్లు నిర్ధారణ అయిన ఉదంతం లేదు. అంతమాత్రాన కాటు ఉపేక్షించదగినది కాదు. భారతదేశపు చెట్టుతొర్ర జాతుల కాటువల్ల తీవ్రమైన నొప్పి, ఒక్కొక్కప్పుడు కండరాలు పట్టివేయడం కలిగి, ఆ బాధ కొన్ని దినాలు ఉండవచ్చు. ఇట్టి సమయంలో మంత్రగానిదగ్గరకు పోక వైద్యునిదగ్గరకు వెళ్ళడం మంచిది.

ఈ నొప్పిని గురించి శాస్త్రజ్ఞులు ఒక ఆసక్తికరమైన విషయం కనుగొన్నారు. మిరపకాయ కొరికితే నోరు మండుతుంది. నాడుల కొనలలోనున్న ఒక ప్రోటీను మిరపలోని కాప్సేసిన్ అనే పదార్థాన్ని గుర్తించడమే దీనికి కారణం. అమెరికాలో డేవిడ్ జూలియస్, అతని సహచరులు ట్రినిడాడ్ ద్వీపపు టారంటులా ఒకదాని విషాన్ని పరీక్షించి, అందులోని కొన్ని పదార్థాలు సరిగా ఆ ప్రోటీనునే ప్రేరేపిస్తవని 2006లో ప్రకటించారు. మిరపచెట్టు తన కాయను, సాలీడు తన ప్రాణాన్ని కాపాడుకొనడానికి ఒకే మీట నొక్కుతున్నవన్నమాట. ఆ ప్రోటీనును కనుగొన్న కృషికే జూలియస్ 2021 నోబెల్ బహుమతిలో భాగస్వామి అయినాడు. నొప్పి పుట్టే మార్గం తెలిస్తేనే నొప్పిని మాన్పే మందు వెదకడం వీలవుతుంది.

గుత్తినుండి నల్లమలకు

ఇప్పుడు నీలి సాలీటి సంగతి చూద్దాం. 1899లో బ్రిటిష్ మ్యూజియంకు చెందిన రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ దీనిని వర్ణించి పీసిలోథీరియా మెటాలికా అని పేరుపెట్టాడు. లోహంవలె మెరిసేది గనుక మెటాలికా అయింది. పీసిలోథీరియా అనే ప్రజాతిని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు సిమోన్ 1885లోనే ఏర్పరచాడు. పోకాక్ చేతికి వచ్చిన నమూనా గుత్తిలో రైల్వేవారి కలపడిపోలో దొరికినది. అందుచేత దాని జన్మస్థలం గుత్తి అని పుస్తకాలకెక్కింది. ఆ తరువాత శతాబ్దంపాటు ఆ సాలీడు ఎవరికీ కనబడలేదు.

చివరకు 102 ఏండ్ల తరువాత, 2001లో, గుత్తికి దాదాపు నూరు కిలోమీటర్ల దూరాన, నంద్యాలకు గిద్దలూరుకు మధ్యనున్న అడవిలో ఇది మళ్ళీ కనిపించింది. తూర్పు కనుమలలోని ఆకురాల్చే అడవి అది. అంటే దీని అసలు నివాసం ఆ అడవిచెట్ల తొర్రలు. అడవిలో కొట్టిన దుంగలతోపాటు ఏ రైలుపెట్టెలోనో ప్రయాణించి ఆనాడు గుత్తి చేరియుంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కలపడిపోలో దొరకడమే ఈ ఊహకు ఆధారం.

పీసిలోథీరియాలు భారతదేశంలోను, శ్రీలంకలోను తప్ప మరెక్కడా లేవు. ఇవి ముసలిచెట్ల తొర్రలలో పట్టు పరచుకొని పగలంతా దాగియుంటవి. రాత్రివేళ వెలుపలికి వచ్చి పురుగులను వేటాడుతవి. ఒళ్ళు బల్లపరుపుగా ఉండడంవల్ల బెరడుసందులలో ఇమిడిపోగలవు. ఈ ప్రజాతికే చెందిన మరొక జాతికి 2004లో రామేశ్వరంలోని హనుమవిలాసం ఆలయం పేరుమీద హనుమవిలాసుమికా అని పేరుపెట్టారు. తరువాత అదే జాతి సముద్రానికి ఆవల శ్రీలంకలోని మన్నారులో కూడ కనిపించింది. ఒకప్పుడు ఈ రెండు భూభాగాలు కలిసియుండెననే భూగర్భశాస్త్రజ్ఞుల మాటకు ఇట్టి జీవులు కూడ సాక్ష్యమిస్తవి.

మెటాలికా రంగులో కూడ ఒక రహస్యం ఉన్నది. నీలిమందువంటి వర్ణపదార్థమేదీ దీనికి ఆ రంగును ఇవ్వడంలేదు. వెండ్రుకలలో అతిసూక్ష్మమైన పొరల నిర్మాణం ఉన్నది. వెలుతురు దానిపై పడినప్పుడు నీలికిరణాలు మాత్రమే బలపడి తిరిగివస్తవి. సబ్బుబుడగపై రంగులు కనబడడం ఇట్టిదే. 2015లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారం టారంటులా కుటుంబంలో నీలిరంగు వేరువేరు శాఖలలో కనీసం ఎనిమిదిమార్లు విడివిడిగా పుట్టింది. కనుక రంగు ఒకటయినంతమాత్రాన దగ్గరి చుట్టాలని చెప్పడానికి వీలులేదు. వర్గీకరణలో రంగును నమ్మకపోవడానికి ఇది మంచి ఉదాహరణ.

పేరువల్ల ప్రయోజనం

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో మెటాలికాను మిక్కిలి ప్రమాదస్థితిలోనున్న జాతుల పట్టికలో చేర్చింది. దీని నివాసప్రాంతం 100 చదరపు కిలోమీటర్లకంటె తక్కువ అనీ, అది కూడ ముక్కలు ముక్కలైనదనీ, కలపకు వంటచెరకుకు చెట్లు నరకడంవల్ల క్షీణించిపోతున్నదనీ ఆ సంఘం పేర్కొన్నది. దీని అందమే దీనికి మరొక శత్రువయింది. విదేశాలలో టారంటులాలను గాజుపెట్టెలలో పెంచేవారు అనేకులు ఉన్నారు. వారికోసం జరిగే వ్యాపారాన్ని అదుపుచేయడానికి 2019లో దేశాలన్నీ చేరి పీసిలోథీరియా ప్రజాతిని సైటీస్ ఒడంబడిక రెండవ అనుబంధంలో చేర్చినవి. అనుమతిపత్రం లేకుండ వీటిని ఒక దేశంనుండి మరొక దేశానికి పంపకూడదు.

ఈ చట్టాలన్నిటికీ ఆధారం ఏమిటి? 1899లో పోకాక్ పెట్టిన పేరే. ఇది ఒక ప్రత్యేకమైన జాతి అని ఎవరూ గుర్తించకపోతే దీని అడవి ఎంత మిగిలినదో కొలిచేవారు ఉండరు. ఇది అన్ని సాలీళ్ళవంటిదే అనుకొంటే, ఇక్కడ పోయినా మరొకచోట ఉంటుందిలే అని ఊరుకొంటారు. మెటాలికాకు మరొకచోటు లేదు. జన్మస్థలం గుత్తి అనే పాతలెక్కనే నమ్మి అక్కడి గుట్టలనే కాపాడియుంటే ప్రయోజనం ఉండేది కాదు. సరియైన పేరు, సరియైన చోటు రెండూ తెలిసినప్పుడే రక్షణ సాధ్యం.

పాఠశాలలో దీనిని బోధించడానికి టారంటులా అవసరం లేదు. కుబుసం విడిచిన ఏ సాలీటి పొట్టునయినా భూతద్దం క్రింద పెట్టి, కాళ్ళు లెక్కించి, కోరలు ఏ దిక్కుకు తిరిగియున్నవో విద్యార్థులచేత గుర్తింపించవచ్చు. బ్రతికియున్నదానిని పట్టుకొనవలసిన పని లేదు. నల్లమల అంచు గ్రామాలలోని ఉపాధ్యాయులు మరొక మాట కూడ చెప్పవలసియున్నది. తొర్రపడిన ముసలిచెట్టు దూలానికి పనికిరాదు గనుక వంటచెరకుగా పోతుంది. కాని లేతచెట్టుకు తొర్ర ఉండదు. అది ఏర్పడడానికి ఎన్నో ఏండ్లు పడుతుంది. అట్టి చెట్టును ఒకదానిని నరకకుండ నిలిపితే, పన్నెండేండ్లు బ్రతకగల ఒక ఆడ మెటాలికాకు, దాని పిల్లలకు ఇల్లు నిలిపినట్లే.